కాపరి బొమ్మ వెనక కుక్క

నేల మీద నాలుగు కాళ్లతో తిరిగే ప్రతి ప్రాణికీ ఊపిరి పోసి, దానికి తగ్గ బొచ్చూ తోలూ కప్పి, ఆకలివేళకు దాని నోటికి ఇంత అందించే తండ్రికి ముందుగా స్తోత్రం. మనిషి భయపడినప్పుడు దూరం నుంచి ధైర్యం చెప్పి ఊరుకోకుండా ఆ భయంలోకి దిగివచ్చి పక్కన కూర్చునే ప్రభువుకు స్తోత్రం. ఆయన చేసిన మేలు రాద్దామని కూర్చున్నాను కాబట్టి, ఆయన్ని స్తుతించకుండా ఇంకో మాట నా చేత రాదు. అక్షరాలు వంకరపోతే అది కొంత వయసు వల్ల, కొంత ఆ రోజులు మళ్లీ కళ్ల ముందుకు రావడం వల్ల.

మా ఆయన కుక్కల బొమ్మలు వేసేవారు. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో కాటా దగ్గర ఆయన ఉద్యోగం. తూకాలు అయ్యాక మార్కెట్టు వెనక పెరట్లో గోనెపట్టా పరుచుకుని కూర్చుని కుక్కల్ని చూసేవారు. ఆవుల్నీ మేకల్నీ బండి ఎడ్లనీ కూడా వేసేవారు గాని, అవి అడిగినవాళ్ల కోసం. కుక్కలు మాత్రం తన కోసం. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. బొగ్గు, ఇటుకపొడి, నీలిమందు, సున్నం తుమ్మజిగురులో కలిపితే అవే రంగులు. ఈతపుల్ల చివర నమిలితే అదే కుంచె.

ఆయనకో పద్ధతి ఉండేది. చేత్తో తడమకుండా ఏ జంతువునీ వేసేవారు కాదు. పొద్దస్తమానం దిమ్మలు ముట్టుకున్న చేతులు కదా, వేళ్ల సందుల్లో బెల్లం ఉండేది. కుక్కలు వచ్చి ఆ చేతులు నాకేవి. అవి నాకుతుండగా ఆయన రెండో చేత్తో వాటి దవడా మెడా వెన్నూ నిమ్మళంగా తడిమి చూసేవారు.

"కంటికి బొచ్చు కనిపిస్తాది. లోపల ఎముక ఎక్కడుందో సెయ్యే సెప్పాలి," అనేవారు.

నేను మిషను బోర్డింగు బడిలో చదువుకున్నదాన్ని. వాక్యం కంఠస్థం చేస్తూ, ఆదివారం పిల్లలకు పాఠాలు చెబుతూ పెరిగినదాన్ని. పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి గోడ నిండా కుక్కలు. పడుకున్నవి, గోక్కుంటున్నవి, పిల్లలకు పాలిస్తున్నవి. దీపం పెడితే వాటి కళ్లన్నీ నా వైపే తిరిగినట్టుండేది. నేను గోడ వైపు వీపు పెట్టి వంట చేసుకునేదాన్ని.

నా భయానికి కారణం వేరే ఉంది. బోర్డింగులో మాకు వండిపెట్టే ఆమె తమ్ముణ్ణి పిచ్చికుక్క కరిచింది. పుండు మానిపోయింది. అంతా మరిచిపోయాక ఒకనాడు అతను నీళ్లు తాగలేకపోయాడు. చెంబు చూస్తే చాలు గొంతు బిగుసుకుపోయి, ఒళ్లంతా విరుచుకుపోయేది. నులకమంచానికి కట్టేశారు. పక్క గదిలో ఎవరో బిందెలో నీళ్లు పోస్తే ఆ చప్పుడుకే అతను వేసిన కేక నేను విన్నాను. పెద్దవాళ్లు మమ్మల్ని గుడిలోకి తీసుకెళ్లి ప్రార్థన చేయించారు. నేను కళ్లు మూసుకున్నాను గాని ప్రార్థన రాలేదు. నీళ్లలో అతనికి కుక్క కనపడుతోందని వంటామె చెప్పిన మాటే చెవుల్లో తిరిగింది.

మా సంఘపెద్ద గారికి బొమ్మలంటే వేరే బెంగ. ఆయన మంచివారు, ప్రార్థనాపరులు. "పైన ఆకాశంలో గాని కింద భూమ్మీద గాని ఉన్నదాని రూపం చెయ్యొద్దన్న ఆజ్ఞ ఉంది కదమ్మా," అని నాతో మెల్లగా అనేవారు. నేను ఆ మాట ఇంట్లో చెబితే మా ఆయన నవ్వేవారు. "నేనేటి, దండం పెట్టీడానికి ఏత్తన్నానా? దేవుడు సేసినోటిని సూసి గీత్తన్నాను. ఆయన పని ఎంత బాగుందో సెప్పడవే గదా ఇది?" నాకు ఆ మాటా నిజమే అనిపించేది, పెద్ద గారి మాటా నిజమే అనిపించేది.

అవి యుద్ధం రోజులు. కాగితం దొరికేది కాదు. మట్టల ఆదివారానికి ముందురోజు సాయంత్రం ఆయన ఇంటికొచ్చి చంకలోంచి ఒక బొమ్మ తీశారు. చూసి నాకు కోపం వచ్చింది. ఆదివారం బడి పిల్లలకు చూపించమని మిషను దొరసాని గారు నాకిచ్చిన అట్ట అది. ఒకవైపు తప్పిపోయిన గొర్రెపిల్లను భుజాన వేసుకున్న కాపరి, మన ప్రభువు. ఖాళీగా ఉన్న వెనకవైపు ఈయన కుక్కను వేసి తెచ్చారు.

"ప్రభువు వెనక కుక్కా?" అన్నాను.

"కాపరన్నాక కుక్కుండదేటి?" అన్నారు. తర్వాత నవ్వు ఆపి, "ముందు ఇది సూడు. ఇలాటి కుక్క నాకెప్పుడూ దొరకలేదు," అన్నారు.

గోధుమరంగు కుక్క. నిలబడే ఉంది గాని కింది దవడ జారిపోయి వేలాడుతోంది. నాలుక ఒక పక్కకు వాలిపోయింది. చొంగ తీగలా నేలదాకా సాగింది. కళ్లు ఎవరినీ చూడడం లేదు. ఆయన వేసిన కుక్కలన్నీ నా వైపు చూసేవి, ఇదొక్కటే చూడలేదు. అయినా అన్నిటికంటే దీనికే నేను ఎక్కువ భయపడ్డాను.

"దీనికేమయింది?"

"గొంతులో ఎముక అడ్డుపడింది పాపం. నోరు మూసుకోలేకపోతంది. బొమ్మ అయిపోనాక దవడ పట్టుకుని సెయ్యి లోపలికెట్టి సూసేను. ఎంత ఎతికినా దొరకలేదు. కరవలేదులే. కోర గీసుకుంది, అంతే."

కుడిచేతి బొటనవేలి మొదట్లో గీత ఉంది. గోరుతో గీరినట్టు, రెండు మూడు చోట్ల ఎర్రగా. రక్తం కూడా సరిగ్గా రాలేదు. నేను నీళ్లూ సబ్బూ తెచ్చి కడిగాను. కడుగుతున్నంతసేపూ ఆయన కుక్క కోసం జాలిపడుతున్నారు. నేను ఆ నీళ్లకేసి చూస్తున్నాను.

మర్నాడు మట్టల ఆదివారం ఆరాధన అయి బయటికొచ్చేసరికి మార్కెట్టు కలాసీ ఒకతను మా కోసం ఎదురుచూస్తున్నాడు. బెల్లం బస్తాలు మోసే మనిషి, మా ఆయనకు స్నేహితుడు.

"బావా, నిన్న నువ్వు బొమ్మేసిన కుక్కని కొట్టి సంపీసేం," అన్నాడు.

"ఎందుకురా?"

"ఎందుకేటి, పిచ్చిదది. మొన్న, దవడ బాగున్నప్పుడు, బండి సక్రాన్ని కొరికిందంట. రాయిని కొరికింది. పళ్లిరిగినా ఒగ్గనేదు. శారదేటి ఒడ్డున గొయ్యి తీసి పాతీసేం." ఆ మాటలంటూనే అతను మా ఆయన చేతివైపు చూశాడు. "నువ్వు దాని నోట్లో సెయ్యెట్టేవంట?"

"ఎముకుందనుకున్నాను."

"దవడ జారిపోనాదంటే ఎముకనుకున్నావేటి బావా?" అని అతను మెల్లగా అన్నాడు. రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆ వెనక్కి వేసిన అడుగులు చూశాకే మా ఆయన ముఖంలో రంగు మారింది. ఎవరు ఏం చెప్పినా దవడ ఎముకల గురించి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదని ఆయన ధీమా. ఆ ధీమాతోనే చెయ్యి పెట్టారు. దారిలో ఒకే మాట అన్నారు. "సెయ్యి పూర్తిగా లోపలికెట్టేను. ఎముక లేదు."

మిషను ఆసుపత్రి నర్సమ్మ గీతను చూసి, విశాఖపట్నం పెద్దాసుపత్రిలో బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున సూదులు వేస్తారనీ, వెంటనే వెళ్లమనీ చెప్పింది. ఆయన వచ్చే ఆదివారం ఈస్టరు పండుగయ్యాక వెళ్దామన్నారు. "గీతే గదా," అన్నారు. భయపడ్డ మనిషి అలాగే వాయిదా వేస్తాడని నాకు అప్పుడు తెలియదు. ఆయనకు ధైర్యముందనుకుని నేనూ ఊరుకున్నాను.

ఈలోగా సంగతి కశింకోటకు చేరింది. అక్కడ మా అత్తగారిది చెరకు పండించే ఇల్లు. కొడుకు బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఆమె చాలా ఏడ్చింది గాని రాకపోకలు మానలేదు. మంగళవారం వచ్చి, గుమ్మంలోనే నిలబడి కొడుకు చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"సూదులు సర్లే. ముందు ఏడు నూతులు సూడాల," అంది.

కుక్క కరిచినవాడు ఏడు నూతుల్లోకి తొంగిచూడడం ఆ పక్క ఆచారం. ప్రతి నూతిలోనూ తన నీడ తనకు కనపడితే విషం దిగిపోయినట్టు. నేను విశ్వాసినని, అవి మనకు తగవని అత్తగారితో చెప్పాను.

"నీ దేవుడికి నేనేవైనా అడ్డెల్తన్నానా అమ్మీ?" అంది ఆమె. "నూతిలోకి సూడొద్దని మీ పుస్తకంలో రాసుందేటి?"

మా ఆయన లేచి తువ్వాలు భుజాన వేసుకున్నారు. "అమ్మ తృప్తి," అన్నారు. మర్నాడు కశింకోటలో వాళ్లిద్దరూ ముందు, నేను వెనక. నేను నూతుల కోసం వెళ్లలేదు. నీళ్లు చూసినప్పుడు ఆయన గొంతు ఎలా ఉంటుందో చూడడానికి వెళ్లాను.

ఒక్కో నూతి దగ్గరా ఆయన గట్టు మీద చేతులానించి తొంగిచూడడం, అత్తగారు "ఏటి కనిపించిందిరా?" అనడం, ఆయన "నేనే" అనడం. నీళ్లు తోడుకునే ఆడవాళ్లు బిందెలు తీసుకుని పక్కకు తప్పుకునేవారు. ఒకావిడ, "అందగాడు కనిపించేడా?" అని ఎకసెక్కెం కూడా ఆడింది. ఆయన నవ్వారు. నాకు కాస్త ఊపిరి వచ్చింది.

ఆఖరిది చెరకుతోట పక్క నూయి. మేము వెళ్లేసరికి ఎవరో అప్పుడే చేద వేసి తోడారు. నీళ్లింకా కదులుతున్నాయి. ఆయన గట్టు మీంచి ఇంకా కిందికి వంగి తొంగిచూశారు.

"ఏటిరా?" అంది అత్తగారు.

"కుక్క," అన్నారు ఆయన.

చేద తాడు పట్టుకున్న మనిషి తాడు వదిలేశాడు. అది గిలక మీద గిర్రున తిరిగి నూతిలో పడ్డ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

"నా మొకం కదిలి కుక్క మూతి నాగుందమ్మా," అన్నారు ఆయన, ఇంకా లోపలికే చూస్తూ. "ఇవిగో సెవులు కూడాను." ఆయన గొంతులో భయం లేదు. గోడ మీద చెమ్మ మరకలో, విరిగిన బెల్లం దిమ్మలో, మబ్బులో కుక్కను చూసినప్పుడు ఎలా అనేవారో అలాగే అన్నారు. ఆయనకు కుక్క కనపడని చోటు లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా గట్టు పట్టుకున్నాను. అత్తగారు మాత్రం నోట కొంగు కుక్కుకుని కూలబడిపోయింది.

మేము అనకాపల్లి చేరకముందే ఆ మాట మా వీధికి చేరింది. నీళ్లల్లో కుక్క కనిపించిందట. పక్కింటివాళ్లు పిల్లల్ని లోపలికి పిలుచుకున్నారు. ఎదురింటాయన మా గుమ్మం ముందుకు వచ్చి, మా ఆయన వినేలాగే నాతో చెప్పాడు. "పశువుల సాల ఖాళీగా ఉందమ్మా. గట్టి గుంజ కూడా ఉంది. మీ కోసవే సెప్తన్నాను. ఎక్కువైనాక కట్టడం కట్టం."

మా ఆయన లోపల్నించి, "తాడు మెత్తగుండేది సూడు బాబూ," అన్నారు. అది హాస్యమో కాదో తెలియక ఎదురింటాయన వెళ్లిపోయాడు.

మంచి శుక్రవారం ఆరాధనయ్యాక సంఘపెద్ద గారు మా ఇంటికి వచ్చారు. ఉపవాసంతో ఉన్నారు, ముఖం పీక్కుపోయి ఉంది. గోడల చుట్టూ చూసి చాలాసేపు కన్నీళ్లతో ప్రార్థించారు. "వీటిని అగ్నికి ఇచ్చేద్దామమ్మా. ఆయన మీద పగతో కాదు, ఆయన బతకాలని," అన్నారు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయనే లేచి ఒక్కొక్కటీ గోడ మీంచి తీశారు. పాలిచ్చే తల్లికుక్కను తీసేటప్పుడు మాత్రం కాసేపు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. పెరట్లో పొయ్యి వెలిగించాం. తుమ్మజిగురు కాలి ఒక రకం తియ్యటి వాసన వచ్చింది.

ఆఖరున దవడ జారిన కుక్క బొమ్మ వచ్చింది. పెద్ద గారు దాన్ని పొయ్యి వైపు చాచారు.

"అయ్యా, అది వెయ్యలేం," అన్నాను. "వెనక ప్రభువున్నారు."

ఆయన అట్ట తిప్పి చూశారు. కాపరి, భుజాన గొర్రెపిల్ల. మళ్లీ తిప్పారు. కుక్క. అలా ఎన్నోసార్లు తిప్పారు. ఆ రోజు, ఆ శుక్రవారం రోజు, ప్రభువు రూపాన్ని మంటలో వెయ్యడానికి ఆయనకూ చెయ్యి రాలేదు. రెంటినీ విడదీయడానికీ వీల్లేదు, ఒకే అట్ట. చివరికి నా చేతికిచ్చి, "కుక్క వైపు గోడకు తిప్పి పెట్టమ్మా," అన్నారు.

పునరుత్థాన ఆదివారం గుడిలో మా ముందు బల్లా వెనక బల్లా ఖాళీగా ఉన్నాయి. సమాధి గెలిచిన పాటలు అందరూ పాడుతున్నారు, నేనూ పాడాను. పాడుతూనే ఆయన గొంతు వింటున్నాను. మింగడంలో తడబాటు ఉందా, శ్వాసలో కీచు ఉందా అని.

మర్నాడు విశాఖపట్నం మీద జపానువాళ్లు బాంబులేశారు. శబ్దం విన్నామని మా ఊళ్లో చాలామంది చెప్పారు, నేనైతే వినలేదు. సాయంత్రమయ్యేసరికి రోడ్డు నిండిపోయింది. బళ్ల మీద, సైకిళ్ల మీద, కాలినడకన జనం. మంచాలూ గంగాళాలూ మోసుకుని, ముసలివాళ్లను భుజాన వేసుకుని. ఓడలొస్తున్నాయని, ఒడ్డున దిగిపోయారని ఎవరి నోటికొచ్చింది వాళ్లు చెబుతున్నారు. ఊరంతా ఇటు వస్తుంటే సూదుల కోసం మేము అటు వెళ్లాలి. నేను మూట కట్టాను.

"పిచ్చేటి నీకు?" అన్నారు ఆయన. అనగానే ఆ మాటకు ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఆయన ముందు కళ్లు దించుకున్నారు. "సరే, ఎల్దాం," అన్నారు.

దారిలో ప్రార్థించుకోవడానికి కాపరి బొమ్మను గుడ్డలో చుట్టి పెట్టుకున్నాను. దాని వెనక ఏముందో ఆ వేళ నేను తలచుకోలేదు. వాల్తేరు వెళ్లే రైలుబండిలో మా పెట్టెలో ఇంచుమించు మేమిద్దరమే. ఎదురొచ్చే బళ్లు పైకప్పుల మీద కూడా మనుషులతో వచ్చాయి. వాళ్లు మమ్మల్ని వింతగా చూశారు. ఒక ముసలాయన చెయ్యి ఊపి వెనక్కి వెళ్లిపొమ్మన్నాడు. ఆకాశంలో ఏ పిట్ట కనపడినా విమానమనుకుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. పట్టుకున్నది ఆ గీత పడ్డ చెయ్యే. వదల్లేదు.

పెద్దాసుపత్రిలో సగం గదులు ఖాళీ. ఒక డాక్టరు గారు, నిద్ర లేని కళ్లతో, గాయాలు తగిలినవాళ్లను చూసి చూసి మా దగ్గరికొచ్చారు.

"కుక్క ఏది? కట్టేసి ఉంచారా?"

"చంపేశారండీ," అన్నాను.

ఆయన చెయ్యి చూశారు. గీతలు అప్పటికే మానిపోయాయి. "ఇది కాటు కాదు. మందు చాలా కొద్దిగా మిగిలిందమ్మా. అది తయారయ్యే నీలగిరి కొండల నుంచి రైల్లో రావాలి, మళ్లీ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. చర్మం గీసుకున్న ప్రతివాళ్లకీ వేసేస్తే, నిజంగా పిచ్చికుక్క కరిచినవాడు వస్తే ఏం చెయ్యను? పిచ్చిదని మీరెలా చెప్పగలరు?"

కలాసీ మాట చెప్పాం. అందరూ అలాగే అంటారన్నారు ఆయన. ఆయన తప్పేం లేదు. వెనక ఇంకా చాలామంది ఉన్నారు. పక్కకు జరగమని చెయ్యి చూపించారు.

మూట విప్పి కాపరి బొమ్మను తీసి, ప్రభువు ముఖం నాకు కనపడేలా గుండెల ముందు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. ఏమని ప్రార్థించానో చెప్పలేను. మాటలున్నాయో లేదో కూడా తెలియదు.

"ఎవరు వేశారు ఇది?" అన్న గొంతు వినపడి కళ్లు తెరిచాను.

ప్రభువు నా వైపున్నారు. కాబట్టి కుక్క డాక్టరు గారి వైపు ఉంది.

ఆయన అట్ట అందుకుని వెలుతురులోకి తీసుకెళ్లారు. వేలాడే దవడనీ, పక్కకు వాలిన నాలుకనీ, చొంగనీ, ఎటూ చూడని ఆ కళ్లనీ చూశారు.

"నేనేనండి," అన్నారు మా ఆయన. "ఆ కుక్కే ఇది."

"చూసి వేశావా, ఊహించి వేశావా?"

"ఊహించి ఎయ్యడం నాకు రాదండి. సేత్తో తడిమి ఏత్తాను."

"దీని దవడ తడిమావా?"

"తడిమేనండి. బిగువు లేదు. వదిలీసిన తాడు నాగుంది. గొంతులో ఎముకనుకుని సెయ్యెట్టేను."

"దొరికిందా?"

"లేదండి."

డాక్టరు గారు బొమ్మను తిప్పి వెనక చూశారు. ఆయన మన మతస్థుడు కాదు. కాపరిని ఒక్క క్షణం చూసి, అట్ట నా చేతికి జాగ్రత్తగా ఇచ్చి, కాంపౌండరును పిలిచారు. "దవడ ఇలా పడిపోయిందంటే పిచ్చికుక్కే. ఇతనికి ఈ రోజే మొదలుపెట్టు," అన్నారు.

సూదులు వేసినన్నాళ్లూ ఊరొదిలి వెళ్లిపోయిన ఒక సంఘస్థుల ఇంటి అరుగు మీద ఉన్నాం. వీధి వీధంతా తాళాలు. యజమానులు వదిలేసి వెళ్లిన కుక్కలు ఆకలితో అరుగు ముందుకొచ్చి కూర్చునేవి. నేను రాయి తీసేదాన్ని. ఆయన వద్దనేవారు. కాని చెయ్యి మాత్రం చాచేవారు కాదు, చేతులు చంకల్లో పెట్టుకుని వాటిని చూసేవారు. ఆయన కడుపంతా గడ్డలు కట్టి, ఒకవైపు తిరిగి పడుకోవడానికి కూడా లేకుండా పోయింది.

ప్రతి పొద్దునా లేవగానే నేను గ్లాసులో నీళ్లు ఇచ్చేదాన్ని. ఇచ్చి, ఆయన గొంతు చూస్తూ నిలబడేదాన్ని. ఆయనకు తెలుసు. గ్లాసులోకి తొంగిచూసి, "ఇయ్యాల కుక్క రాలేదు," అని తాగేవారు. ఒకరోజు అలా తాగబోయి, గుటక వెయ్యకుండానే అరుగు కిందికి ఉమ్మేశారు. గ్లాసు దూరంగా పెట్టేశారు. ముఖం చిట్లించుకుపోయింది.

నాకు బోర్డింగులో ఆ నులకమంచం కనపడింది. ప్రభువా అనడానికి కూడా నోరు తెరవలేకపోయాను.

"ఉప్పు," అన్నారు ఆయన. "ఏ నూతిలోయి తెచ్చేవు?"

గ్లాసు తీసుకుని నేనూ తాగి చూశాను. ఉప్పే. సముద్రానికి దగ్గరి నూయి, ఆ పొద్దున తాళం వెయ్యని పెరడు కనపడితే కొత్తగా అక్కడ తోడాను. నేను ఆ ఉప్పునీళ్లన్నీ ఆఖరి చుక్క దాకా తాగేశాను. తర్వాత కూర్చుని ఏడ్చాను. ఆయన వెళ్లి మంచినీళ్ల నూయి వెతికి తోడుకొచ్చి, నా ఎదురుగా నిలబడి చెంబెత్తి గటగట తాగి చూపించారు.

సూదులు పూర్తయి అనకాపల్లి వచ్చాం. అయినా నా భయం పోలేదు. ఆ జబ్బు ఎప్పుడైనా రావచ్చని విన్నాను. వానాకాలం వచ్చింది, చూరు నీళ్ల చప్పుడు వింటూ ఆయన ముఖం చూసేదాన్ని. కలాసీ మళ్లీ మామూలుగా బావా అని పిలవసాగాడు. ఎదురింటాయన సాలలో గేదెను కట్టుకున్నాడు. అత్తగారు వచ్చినప్పుడల్లా కొడుక్కి తన చేత్తో నీళ్లిచ్చేది. సంఘంలో మా చుట్టూ బల్లలు మెల్లగా నిండాయి. ఆయన మాత్రం కుక్కల జోలికి పోలేదు. అడిగితే, "నీకు భయం," అనేవారు.

మళ్లీ మట్టల ఆదివారం దగ్గరపడ్డాక, జలప్రళయం పాఠానికి గుడి గోడ మీద ఓడ బొమ్మ వెయ్యమని సంఘపెద్ద గారే వచ్చి అడిగారు. పిల్లలకు పాఠం చెప్పడానికే కదా, ఎవరూ మొక్కరు కదా అని ఆయనే నాకు సమాధానం చెప్పుకున్నారు. మా ఆయన ఏనుగులనూ ఎడ్లనూ కోతులనూ జంటలు జంటలుగా ఓడలోకి నడిపించారు. ఆదివారం బడి పిల్లలు చుట్టూ మూగి చూస్తున్నారు.

"మరి కుక్కలేవండి?" అంది ఒక పాప. "దేవుడు కుక్కల్ని ఒగ్గీసేడేటి?"

ఆయన కుంచె పట్టుకుని నా వైపు తిరిగారు. సంఘపెద్ద గారూ నా వైపే చూశారు. నాకు భయమేసింది. ఆ భయం అబద్ధం కాదు. కాని బల్ల కింద రాలిన ముక్కలు తినే కుక్కపిల్లల మాట పట్టుకుని ప్రభువు దగ్గర మేలు పొందిన సువార్తలోని తల్లి నాకు గుర్తొచ్చింది. ధనవంతుడి వాకిట పడున్న బీదవాడి పుండ్లు నాకిన కుక్కలు గుర్తొచ్చాయి. ఒక గోధుమరంగు కుక్క బొమ్మ వల్లే ఈ మనిషి ఇక్కడ నిలబడి కుంచె పట్టుకున్నాడని గుర్తొచ్చింది.

"వెయ్యండి," అన్నాను.

ఆయన రెండు కుక్కల్ని వేశారు, ఓడ మెట్ల మీద, పక్కపక్కనే. మూతులు మూసి ఉన్నాయి. ఆ తర్వాత ముసలితనం వచ్చి ప్రభువు పిలిచేదాకా ఆయన ఎన్నో కుక్కల్ని వేశారు. నాకు తెలిసి ఒక్కదానికీ నోరు తెరవలేదు. ఎందుకని నేను అడగలేదు.

ఆ అట్ట ఇప్పటికీ నా దగ్గరుంది. రంగులు వెలిసిపోయాయి, రెండు వైపులా. ఇన్నేళ్లయినా నీళ్లు తాగేముందు గ్లాసులోకి ఒకసారి చూడకుండా తాగలేను. చూసి, స్తోత్రం చెప్పి తాగుతాను.

చదువుతున్న అమ్మా, అయ్యా, మీరున్న చోటనే ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. ఈ వేళ ఎవరి ఇంట్లో ఎవరు ఎవరి గొంతు చూస్తూ భయపడుతున్నారో వాళ్ల కోసం ప్రార్థించండి. ఊరంతా పారిపోతున్నా కదలకుండా నిలబడి మందు పంచిన ఆ పేరు తెలియని డాక్టరు గారి సంతానం కోసం ప్రార్థించండి. యజమానులు వదిలేసి వెళ్లిన మూగజీవాల కోసం కూడా. తండ్రీ, మా భయం నీకు తెలుసు, అది పూర్తిగా పోకపోయినా నీ ముఖం మా వైపు ఉండనియ్యి అని నాతో పాటు అడగండి. ఆమెన్.